రాజీ పత్రంలో పిల్లలెక్కడ?

భార్యాభర్తల తగాదాలు జమాఅత్ పెద్దల ముందుకు వచ్చినప్పుడు మధ్యవర్తులలో ఒకరిగా కూర్చునే బాధ్యత ఉద్యోగ విరమణ తరువాత మాకు తటస్థించింది. అట్టి కూర్పులలో ఒకటి మమ్మల్ని ఇప్పటికీ వెంటాడుతున్నది. మగ్రిబ్ నమాజు ముగిసింది. మస్జిద్‌ను ఆనుకుని ఉన్న గదిలో రెండు కుటుంబాల పెద్దలు ఎదురెదురుగా కూర్చున్నారు. గొంతులు లేస్తున్నాయి. గడప వెలుపల, చెప్పులు విడిచే చోట, ఆ దంపతుల పిల్లలిద్దరూ ఉన్నారు. అబ్బాయికి తొమ్మిదేళ్ళు, చెల్లెలికి అయిదేళ్ళు. వాళ్ళను అక్కడ ఎవరు కూర్చోబెట్టారో, ఎందుకు కూర్చోబెట్టారో మాకు తెలియదు. ఇంతలో ఎవరో విసురుగా లేవడంతో ఒక ఇనుప కుర్చీ పెద్ద చప్పుడుతో కింద పడింది. మేమందరం ఉలిక్కిపడి అటు చూశాము. ఆ బాలుడు మాత్రం అటు చూడలేదు. తన రెండు చేతులతో చెల్లెలి చెవులు మూశాడు. తన చెవులు కాదు, చెల్లెలివి. అది ఆ క్షణంలో పుట్టిన పని కాదని, చాలా రాత్రుల అలవాటు అని అర్థం కావడానికి మాకు ఎంతో సేపు పట్టలేదు.

అయినా మేము ఏమి చేశాము? రాజీ పత్రం రాశాము. అందులో పదకొండు అంశాలు. బీరువా ఎవరిది, మంచం ఎవరిది, పుట్టింటివారు పెట్టిన బంగారం ఎన్ని తులాలు, స్కూటీ వాయిదాలు ఎవరు కట్టాలి, అత్తగారితో వంట ఒకటిగానా వేరుగానా అని పది అంశాలు నింపాము. పదకొండవది: పిల్లలు తల్లిదండ్రుల వద్దనే ఉండవలెను. ఇరుపక్షాలు సంతకాలు చేశాయి. సాక్షుల సంతకాలలో మాది కూడా ఉన్నది. మూడు నెలలు తిరగకముందే ఆ ఇల్లాలు విరిగిన మణికట్టుతో పుట్టింటికి చేరింది. అబ్బాయి బడి మానేశాడు.

ఈ నెల సంపాదకీయం ఆ పదకొండవ అంశం గురించి.

2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 18 నుండి 49 ఏళ్ళ వయసు గల వివాహిత స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యారు. తెలంగాణలో అది సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఇవి అన్ని మతాల, అన్ని కులాల లెక్కలు. ఒక్క మన ఇళ్ళవే కావు. అలాగని మన ఇళ్ళు ఇందులో లేకుండానూ పోలేదు. ఆ సర్వేలో స్త్రీలను మరొక ప్రశ్న కూడా అడుగుతారు: మీ తండ్రి మీ తల్లిని కొట్టేవారా? అవునన్న స్త్రీలలో, తామూ భర్త చేతిలో దెబ్బలు తిన్నవారి పాలు, కాదన్నవారికంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అమ్మ మౌనాన్ని చూసి పెరిగిన ఆడపిల్లకు దెబ్బ కాపురంలో ఒక భాగమనిపిస్తుంది. అబ్బా చేతిని చూసి పెరిగిన మగపిల్లవాడికి అది మగతనమనిపిస్తుంది.

'పిల్లలను ఏమీ అనడండీ, వాళ్ళంటే ప్రాణం' అని దాదీలు, ఫూఫీలు మా ముందు ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పారో లెక్కలేదు. పిల్లవాడి ఒంటిపై చేయి పడకపోవచ్చు. కానీ తల్లి ఒంటిపై పడిన ప్రతి దెబ్బా వాడు విన్నాడు. పక్క గదిలో దుప్పటి కింద నిద్ర నటించే పిల్లలు నిద్రపోవడం లేదని ఆ ఇంట్లో పెద్దలకు తెలియకనా? చంకబిడ్డ సైతం తల్లి భయాన్ని ఆమె చేతుల పట్టులోనే గ్రహిస్తాడు, పాలు తాగడు, నిద్ర పట్టక ఏడుస్తాడు. నాలుగైదేళ్ళవాడు మానుకున్న పక్క తడిపే అలవాటులోకి మళ్ళీ జారతాడు, మాట నత్తి పడుతుంది. బడి వయసు పిల్లలకు కడుపు నొప్పి, తలనొప్పి. వైద్యుడు చూస్తే జబ్బేమీ ఉండదు. కొందరు తోటివాళ్ళను కొడతారు, కొందరు అసలు నోరే విప్పరు. టీచరు మొదటివాణ్ణి రౌడీ అంటుంది, రెండవవాణ్ణి మొద్దు అంటుంది. నిన్న అప్పగించిన పాఠం ఇవాళ మరచిపోయే మక్తబ్ పిల్లవాణ్ణి ఉస్తాద్ బెత్తంతో కొడతాడు. రాత్రంతా మేలుకున్న బిడ్డకు పొద్దున పాఠం ఎలా నిలుస్తుంది? ఇంట్లో దెబ్బల చప్పుడు, చదువుకునే చోట దెబ్బ! మన ఉస్తాద్‌లతో ఈ సంగతి ఎవరైనా మాట్లాడారా అన్నది వేరే సంపాదకీయానికి తగిన విషయం.

ఈ గాయం బాల్యంతో పోదు. అమెరికాలో కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థ, అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం కలిసి 1995-97 మధ్య 17 వేలకు పైగా వయోజనులను వారి బాల్యం గురించి అడిగాయి. అడిగిన కష్టాలలో 'తల్లిపై హింస' ఒకటి. అటువంటి కష్టాలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక కుంగుబాటు, మత్తు అలవాట్లు, గుండెజబ్బు వంటివి అంత ఎక్కువగా కనిపించాయి. అంటే నేడు మనం 'ఇంటి గొడవ' అని మూసిపెట్టిన తలుపు వెనుక, నలభై ఏళ్ళ తరువాత ఆసుపత్రికి వెళ్ళవలసిన ఒక రోగి కూర్చుని ఉన్నాడు.

మనలో కొందరు ఈ చర్చ రాగానే షరీఅత్ పేరెత్తుతారు. వారితో వాదానికి దిగము. ఒక్క విషయం జ్ఞాపకం చేస్తాము. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఏ స్త్రీపైనా, ఏ సేవకునిపైనా చేయి చేసుకోలేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన విషయం సహీహ్ ముస్లింలో నమోదై ఉన్నది. నమాజును దీర్ఘంగా చేయాలని నిలబడి కూడా, వెనుక వరుసలలో ఒక పసిబిడ్డ ఏడుపు వినబడితే ఆ తల్లి మనసు తల్లడిల్లుతుందని ఆయన నమాజును కుదించేవారని బుఖారీ, ముస్లిం రెండూ చెబుతున్నాయి. ఒక బిడ్డ ఏడుపు కోసం నమాజు కురచ అయింది. మన పంచాయితీలు మాత్రం ఏ బిడ్డ ఏడుపుకూ ఆగవు, ఇషా దాటినా సాగుతూనే ఉంటాయి.

చట్టం మాట ఎత్తగానే మరొక భయం. ఇది అర్థం లేని భయమని మేము అనము. ఒక ముస్లిం ఇంటి కలహం టీవీ చర్చగా మారి, సమాజం మొత్తానికి బోనుగా మారే రోజులివి. 2019 చట్టం ఒకేసారి చెప్పే మూడు తలాఖ్‌లకు మూడేళ్ళ వరకు జైలు శిక్ష పెట్టింది. 'కేసు పెడితే మనవాడు జైలుకు పోతాడు, మన పరువు బజారున పడుతుంది' అని చెప్పి ఎందరు ఆడపడుచులను మనమే వెనక్కు పంపలేదు? కానీ ఈ పత్రిక ఏ హక్కుల కోసం నిలబడిందో ఆ హక్కులను మనం ప్రభుత్వాన్ని అడుగుతున్నాము. బలహీనుడి మాట వినమని బలవంతుణ్ణి అడుగుతున్నాము. గడప లోపల అందరికంటే బలహీనుడు ఎవరు? ఆ బిడ్డ మాట వినకుండా, గడప బయట మన మాట వినలేదని ఫిర్యాదు చేసే ముఖం మనకు ఎక్కడిది?

పైగా ఆ భయం చాలావరకు చట్టాన్ని చదవనందువల్ల కలిగింది. 2006 అక్టోబర్ 26 నుండి అమలులో ఉన్న గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం, 2005 ప్రధానంగా రక్షణ కల్పించే చట్టం. దాని కింద దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఎవరూ అరెస్టు కారు. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే అది నేరం, ఏడాది వరకు జైలు లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. అంటే ఉత్తర్వును గౌరవించే భర్తకు ఈ చట్టంలో జైలు లేదు. ఇది మతంతో నిమిత్తం లేని చట్టం. ఖులా పొందిన తరువాత కూడా, అంతకు ముందు జరిగిన హింసకు ఒక ముస్లిం మహిళ ఈ చట్టం కింద ఉపశమనం కోరవచ్చునని 2014లో జువేరియా పట్నీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ చట్టంలో పిల్లలు మన రాజీ పత్రంలోవలె చివరి అంశం కారు. 18 ఏళ్ళలోపు వారందరూ, దత్తు బిడ్డలు, సవతి బిడ్డలు, పెంపుడు బిడ్డలు సహా, ఇందులో పిల్లలే. ఇంటి ఖర్చుకు, పిల్లల అవసరాలకు డబ్బు ఇవ్వకుండా ఎండగట్టడం కూడా హింసే. తల్లీబిడ్డలను ఇంటి నుండి వెళ్ళగొట్టరాదని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు, అవసరమైతే కొట్టేవాణ్ణే ఇల్లు విడిచి వెళ్ళమనవచ్చు, లేదా అదే స్థాయి వసతి వేరుగా చూపించమనవచ్చు. తల్లితోపాటు పిల్లల పోషణకు సొమ్ము ఇప్పించవచ్చు. పిల్లలను తాత్కాలికంగా తల్లి వద్ద ఉంచమనవచ్చు. తండ్రి వచ్చి చూడటం బిడ్డకు హాని అనిపిస్తే ఆ సందర్శనను నిరాకరించవచ్చు. బాధితురాలు బాలిక అయితే ఆమె బడిలోకి ప్రతివాది అడుగు పెట్టరాదని ఉత్తర్వు ఇవ్వవచ్చు. అత్యవసరమైతే అవతలి పక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. దరఖాస్తు అందిన మూడు రోజులలోపు మామూలుగా మొదటి విచారణ జరగాలని, అరవై రోజులలో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటున్నది. కోర్టులలో ఆ గడువులు ఎలా నడుస్తున్నాయో అందరికీ తెలిసినదే. కానీ గడువు చట్టంలో ఉన్నదని తెలిసిన దరఖాస్తుదారు అడగగలదు, తెలియనిది అడగలేదు.

దరఖాస్తు ఆమె ప్రస్తుతం తలదాచుకున్న ఊరిలోనే, అంటే పుట్టింటి ఊరి మేజిస్ట్రేటు కోర్టులోనే వేయవచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ కింద పనిచేసే రక్షణాధికారిని కలిస్తే గృహహింస నివేదిక ఆయనే తయారు చేయించాలి. వకీలుకు డబ్బు లేదన్నది అడ్డంకి కారాదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఫోను నంబరు 15100. పొరుగువారు కూడా సమాచారం ఇవ్వవచ్చు. సద్బుద్ధితో ఇచ్చిన సమాచారానికి వారిపై ఏ కేసూ నిలవదు. 'మనకెందుకొచ్చిన గొడవ' అని కిటికీ మూసుకునే పొరుగువారు ఈ వాక్యాన్ని మరొకసారి చదవగలరు.

ముప్పై ఏళ్ళకు పైబడి ఫైళ్ళ మధ్య జీవితం గడిపినందున మేము ఒక మాట చెప్పక తప్పదు. న్యాయం ఉన్నవాళ్ళు ఓడిపోవడం, కాగితం ఉన్నవాళ్ళు గెలవడం మేము కళ్ళారా చూశాము. కనుక నికాహ్‌నామా నకలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్ కార్డులు, బడి ఫీజు రశీదులు, దెబ్బలు తగిలిన రోజున ఆసుపత్రిలో ఇచ్చిన ఓపీ చీటీ, వీటి జిరాక్సు ప్రతులు ఒక సంచిలో నానీ ఇంట్లోనో, నమ్మకమైన మామూ ఇంట్లోనో ముందే ఉంచుకోవాలి. ఆసుపత్రిలో 'మెట్ల మీద జారి పడ్డాను' అని చెప్పిన అబద్ధం ఆ చీటీలో శాశ్వతంగా నిలిచిపోతుందని కూడా మన ఆడబిడ్డలకు చెప్పాలి. భర్త సంపాదన ఎంతో తెలియదని దిగులు పడనవసరం లేదు. 2020 నవంబరులో రజనేశ్ కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసులలో ఇరుపక్షాలూ ఆస్తిపాస్తుల ప్రమాణపత్రం దాఖలు చేయాలని, మనోవర్తిని దరఖాస్తు తేదీ నుండే లెక్కించాలని చెప్పింది.

బడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తల్లి పిల్లలతో పుట్టింటికి రాగానే తండ్రి చేసే మొదటి పని, బడికి వెళ్ళి 'నేను చెప్పేదాకా టీసీ ఇవ్వవద్దు' అనడం. టీసీ లేదని కొత్త బడివాళ్ళు చేర్చుకోరు, పిల్లవాడు ఏడాది ఇంట్లో కూర్చుంటాడు, తల్లి ఆ ఏడాది తలచుకుని తిరిగి ఆ ఇంటికే వెళుతుంది. ఒక కాగితం ముక్కతో ఒక కుటుంబాన్ని బంధించవచ్చునని ఆ తండ్రికి బాగా తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం అయిదవ సెక్షన్ మాత్రం అతనికి తెలియదు. ఎనిమిదవ తరగతి వరకు చదివే పిల్లలు ఒక ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారదలచినప్పుడు పాత బడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. అది రాలేదన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడంలో జాప్యం చేయరాదు, నిరాకరించరాదు. ఈ సెక్షన్‌ను ఒక తెల్ల కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయుని బల్ల మీద పెట్టినందువల్లనే ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏడాది నష్టపోకుండా బయటపడటం మేము చూశాము.

విడాకులైతే పిల్లల ఖర్చు రెండేళ్ళ వరకేనని చాలామంది ఇంకా నమ్ముతున్నారు. 1986 చట్టంలోని ఒక మాట వల్ల ఏర్పడిన అపోహ అది. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు దానిని తొలగించింది. ముస్లిం తండ్రి తన పిల్లలను మైనారిటీ తీరే వరకు, ఆడపిల్లలనైతే వివాహమయ్యే వరకు పోషించవలసిందే. నాటి 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125 కింద మనోవర్తి అడగవచ్చునని 2024 జూలై 10న వచ్చిన తీర్పు మన తెలంగాణ నుండి వెళ్ళిన కేసులోనిదే.

'ఏడేళ్ళు నిండగానే కొడుకును లాక్కుంటాను' అన్న బెదిరింపు కూడా మనకు కొత్త కాదు. హనఫీ న్యాయంలో మగబిడ్డ ఏడేళ్ళ వరకు, ఆడబిడ్డ యుక్తవయసు వచ్చేవరకు తల్లి సంరక్షణలో ఉంటారన్న నియమాన్ని, దాని వెనుకనున్న కరుణను వదిలేసి, ఒక గడియారంలా వాడుకుంటున్నారు. కోర్టు ఆ గడియారాన్ని మాత్రమే చూడదు. 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం వ్యక్తిగత ధర్మశాస్త్రాన్ని దృష్టిలో ఉంచుకుని బిడ్డ క్షేమాన్ని నిర్ణయిస్తుంది. బిడ్డ తెలివిగా తన ఇష్టం చెప్పగల వయసువాడైతే ఆ ఇష్టాన్ని పరిగణించవచ్చునని పదిహేడవ సెక్షన్ అంటున్నది. తెల్లదొరల కాలంనాటి చట్టానికి తట్టిన ఆ ప్రశ్న, బిడ్డను పిలిచి 'నీకేమి కావాలి నాయనా?' అని అడగడం, మా పదకొండు అంశాలలో ఒక్కచోటా తట్టలేదు.

బిడ్డపైనే చేయి పడుతున్నప్పుడు దారి వేరు. సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టి, హింసించి, మనోవ్యథకు గురి చేస్తే 2015 బాలల న్యాయచట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు శిక్ష ఉన్నది. 1098కు ఫోను చేయవచ్చు. బిడ్డ తానే చేయవచ్చు. జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు సామాజిక కార్యకర్త ఎవరైనా హాజరుపరచవచ్చు. లైంగిక హింస అయితే పంచాయితీకి అణువంత చోటు కూడా లేదు. తెలిసి పోలీసుకు చెప్పకపోవడమే పోక్సో చట్టం కింద నేరం.

చట్టంలో లోపం లేదని కాదు. తల్లి దెబ్బలు తినడం చూస్తూ పెరగడం అనేదాన్ని బిడ్డపై జరిగిన హింసగా 2005 చట్టం పేరు పెట్టి చెప్పలేదు. ఇంగ్లండులో 2021లో చేసిన చట్టం, అట్టి హింసను చూసిన, విన్న, దాని ఫలితం అనుభవించిన బిడ్డను స్వయంగా బాధితునిగా గుర్తించింది. మన చట్టంలోనూ ఆ మాట చేరాలని హక్కుల సంఘాలు అడగవలసి ఉన్నది, మైనారిటీ సంఘాలు ముందు నిలిచి అడగవలసి ఉన్నది.

రాజీ వద్దని మేము అనడం లేదు. ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నిలపమని ఖుర్ఆనే చెప్పినప్పుడు మేమెవరము వద్దనడానికి? కానీ జమాఅత్ గదిలో రాసిన కాగితానికి మళ్ళీ చేయి లేచినప్పుడు విలువ ఉండదు. అదే ఒప్పందం మేజిస్ట్రేటు ముందు, కొట్టనన్న హామీతో సహా నమోదై రక్షణ ఉత్తర్వుగా మారితే దానికి కోరలుంటాయి. కనుక రాజీ జమాఅత్‌లో కుదరనీయండి, కాగితం కోర్టులో పుట్టనీయండి. పంచాయితీలో కనీసం ఒక మహిళ మధ్యవర్తిగా ఉండనీయండి. పిల్లలను చెప్పుల దగ్గర కూర్చోబెట్టకండి. ఆ మహిళ వారితో వేరుగా, అమ్మీ అబ్బాలు లేని గదిలో, మాట్లాడనీయండి. జుమా ఖుత్బాలో ఏడాదికి ఒక్కసారైనా ఈ విషయం రానీయండి. ఒక జమాఅత్‌లో ఈ పద్ధతి మొదలుపెట్టాము. అభ్యంతరాలు రాకపోలేదు. 'ఆడవాళ్ళ పంచాయితీ అయిపోయింది' అన్న పెద్దమనిషి ఇప్పుడు తన మేనకోడలి విషయంలో ఆ టీచరమ్మనే రమ్మని కబురు పెట్టాడు.

విరిగిన మణికట్టుతో ఆ ఇల్లాలు తిరిగి వచ్చినప్పుడు ముందుగా పిల్లలతో మాట్లాడింది ఆ టీచరమ్మే. చెల్లెలు ఆమె ఒడిలో నిద్రపోయింది. అబ్బాయి చాలా సేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి రెండే కోరాడు. తన బడి మార్చవద్దు. అబ్బా బడి దగ్గరకు రాకూడదు. ఈసారి కాగితంలో ఆ రెండింటినీ మొదటి అంశంగా రాశాము. బీరువా సంగతి తరువాత వచ్చింది.